చెన్నమ్మత్త పాతర తీసిన రోజు

మొన్న మా పక్కింటి వాళ్ళు కొత్త మేడకు పునాదులు తవ్విస్తుంటే, ఆ పసుపుపచ్చ యంత్రం ఉన్నట్టుండి ఒకచోట భూమిలోకి దిగబడింది. అడుగున బోలుగా ఉంది. మట్టితో పాటు నల్లగా మాగిపోయిన గడ్డీ, బొగ్గుముక్కల్లాంటి గింజలూ పైకి వచ్చాయి. వాటి వెంట వాసన వచ్చింది. యంత్రం నడిపే కుర్రాడు ముక్కుకు తుండుగుడ్డ కట్టుకున్నాడు. మా మనవరాలు "అబ్బా, డ్రైనేజీ పగిలినట్టుంది, లోపలికి రా నానమ్మా" అని కేకేసింది. నేను లోపలికి పోలేదు సరిగదా, చేతికర్ర ఊనుకుంటూ ఆ గుంట అంచుదాకా వెళ్ళి, కడుపు నిండా పీల్చుకున్నాను. పులిసిన వాసన, చెమ్మ మట్టి వాసన, అడుగున ఎక్కడో సన్నగా జొన్న వాసన. ఎనభై దాటిన ముసలిదానికి నోట్లో నీళ్ళూరాయి. "డ్రైనేజీ కాదే మొద్దూ, పాతర" అన్నాను. అదేమిటో దానికి తెలియదు. నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి ఫ్యాను వేసింది.

పాతర అంటే గింజలు దాచే గొయ్యి. పైన మూతి ఒక మనిషి దిగేంత, లోపల కడుపు గదంత. గోడల పొడుగునా గడ్డి పేర్చి, మధ్యలో జొన్నలు పోసి, పైన మళ్ళీ గడ్డి కప్పి, బండ మూసి, మట్టి తొక్కి, పేడతో అలికేసేవాళ్ళు. మా రోజుల్లో పల్నాట్లో కాస్త నేల ఉన్న ప్రతి ఇంటికీ ఒక పాతర ఉండేది. ఎలుక పోదు, పురుగు పట్టదు, ఇల్లు తగలబడినా గింజ కాలదు. దాంతో ఉన్న చిక్కల్లా ఒకటే. ఒకసారి మూత తీస్తే గాలి తగిలిన గింజ మళ్ళీ లోపల నిలవదు, ముక్కిపోతుంది. కాబట్టి పాతర తీస్తే మొత్తం ఒక్క రోజులో తీసేయాల్సిందే. అంత గింజను ఒక్క ఇల్లు ఏం చేసుకుంటుంది? తమకు కావలసింది ఉంచుకుని మిగతాది వీధిలో వాళ్ళకు కొలిచి ఇచ్చేవారు. పుచ్చుకున్న వాళ్ళు తమ పాతర తీసిననాడు తిరిగి కొలిచేవారు. ఎవరి తర్వాత ఎవరు తీయాలో పెద్దవాళ్ళు ముందే అనుకునేవారు. అలా ఏ ఇంటి పాతర తీసినా వీధంతా తినేది.

ఈ సంగతులన్నీ నాకు నేర్పింది మా పక్కింటి చెన్నమ్మత్త. సొంత అత్త కాదు. మా అత్తగారు నేను కాపురానికి రాకముందే పోయారు. ఆ లోటు తీర్చే బాధ్యత ఎవరూ అప్పగించకుండానే చెన్నమ్మత్త తన నెత్తిన వేసుకుంది. పిల్లలు లేరు. మొగుడు పోయాక మరుదులు పొలం కలిపేసుకోబోతే, తనే బండి కట్టించుకుని గురజాల కోర్టుకు వాయిదాలకు తిరిగి, దక్కించుకుందట. పొడుగ్గా, నల్లగా, ఎప్పుడూ కచ్చ బిగించి ఉండేది. నోట్లో వక్కాకు. మాట మాత్రం కుండ బద్దలు కొట్టినట్టే. ఆమెకు భయపడని మనిషి మా వీధిలో లేడు, ఆమె ఇంట్లో మజ్జిగ తాగని మనిషీ లేడు.

నేనేమో తెనాలి అవతల, కాలవ కింద ఊళ్ళో పుట్టినదాన్ని. మాకు అన్నం అంటే వరి అన్నమే. మాచవరానికీ గురజాలకూ మధ్య ఉన్న ఈ ఊరికి కాపురానికి వచ్చిన మర్నాడు, నా కంచంలో మట్టిరంగు జొన్న సంకటి ముద్ద, మధ్యలో గుంట చేసి గోంగూర పచ్చడి పెట్టారు. చూడగానే ఏడుపొచ్చింది. పిట్టగోడ మీద నుంచి ఒక తల లేచింది.

"ఏందే పిల్లా, ముద్దను చూసి ఏడుస్తన్నావు? అది నిన్నేమన్నా అన్నదా?"

"మా ఇంట్లో వరన్నం తింటామండీ" అన్నాను వెక్కుతూ.

ఆమె నవ్విన నవ్వుకు గోడ మీది కాకి లేచిపోయింది. ఆ రోజు నుంచి నా పేరు వరన్నం. మా అమ్మానాన్న పెట్టిన పేరు మా వీధిలో ఎవరికీ గుర్తు లేదు. "ఏమే వరన్నం, పిండి ఇసిరావా? ఏమే వరన్నం, నీళ్ళు కాగినయ్యా?" అంటూ గోడ దాటి వచ్చి, నా పక్కన పీటేసుకుని కూర్చుని, జొన్నరొట్టె తట్టడం నేర్పింది. వేన్నీళ్ళతో పిండి తడిపి, అరచేత్తో తట్టుకుంటూ తిప్పాలి. నాకు అంచులు పగిలి పెచ్చులుగా విడిపోయేది. "మెల్లిగా తడితే ఎట్టా వస్తదే? మీ ఆయన్ని తలుచుకోని కొట్టు" అనేది. మా ఆయన అక్కడే ఉంటే మరీ గట్టిగా అనేది. పాపం ఆయన ముఖం చాటేసి బయటికి పోయేవారు. చివరికి రొట్టె వచ్చింది. ఎంత గుండ్రంగా వచ్చిందంటే, మా పుట్టింటికి వెళ్ళినప్పుడు అక్కడ కూడా జొన్నపిండి తెప్పించి తట్టి చూపించాను. మా అమ్మ నోరెళ్ళబెట్టింది.

రెండో ప్రపంచ యుద్ధం మా ఊళ్ళోకి సైనికుల్ని తీసుకురాలేదు. మొదట కిరసనాయిలు ఎత్తుకుపోయింది, తర్వాత గుడ్డ, ఆ తర్వాత పంచదార. రంగూన్ బియ్యం రావడం ఆగిపోయి నరసరావుపేటలో కార్డులు పెట్టారని వింటే, మాకేం, మాకు జొన్నలున్నాయి అనుకున్నాం. తీరా యుద్ధం అయిపోయిందని అందరూ సంతోషపడ్డ ఏడాదే వాన ముఖం చాటేసింది. పైరు మోకాలెత్తుకు రాకుండానే మాడిపోయింది. మా ఆయన సాయంత్రాలు అరుగు మీద పేపరు చదివి వినిపించేవారు. ఒక్క మన దేశంలోనే కాదట, లోకమంతా గింజలకు కటకటగా ఉందట, తెల్లదొరల దేశంలో సైతం తిండికి కార్డులేనట. చెన్నమ్మత్త బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "దొరలక్కూడానా? ఎందుకు, వాళ్ళకు పాతర్లు లేవా?" అంది. అందరం నవ్వాం. అప్పటికి మా వీధిలో పాతర్లన్నీ అంతకు ముందటేటి జొన్నలతో నిండుగా ఉన్నాయి. వరస తప్పకుండా ఒక్కొక్కటే తీసుకుంటూ పోతే కొత్త పంట దాకా వీధికి ఇబ్బంది ఉండేది కాదు. నవ్వడానికి మాకు ఆ మాత్రం ధైర్యం ఉంది.

మాఘమాసంలో ఒక పుకారు లేచింది. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దగ్గర ఎవరో ఎవరితోనో అన్నారట. సర్కారు మనుషులు పొడుగాటి ఇనపచువ్వలు పట్టుకుని ఊళ్ళ మీదికి వస్తున్నారట. నేలలో పొడుచుకుంటూ పోతారట. ఎక్కడ బోలుగా తగిలితే అక్కడ తవ్వి గుప్పెడు కూడా మిగల్చకుండా సర్కారు వాటా, అదే లెవీ కింద పట్టుకుపోతారట. దాచినవాడికి బేడీలట. ఎవరు చూశారని అడిగినవాడు లేడు. నాలుగు రోజులు తిరక్కుండానే ఊళ్ళో పాతర్లన్నీ తెరిచారు. ఏళ్ళ తరబడి వరస తప్పని వీధి, ఒకరిని చూసి ఒకరు ఒకేసారి తెరిచేశారు. ఊరంతా ఆ పులిసిన వాసనే. తెరిచిన జొన్న నిలవదు, తినడానికి ఒక్కసారే అంత పొట్ట లేదు. నరసరావుపేట బేరగాళ్ళకు ఈ సంగతి ఎలా తెలిసిందో కానీ, వాళ్ళ బండ్లు ఊరి మొదట్లో బారులు తీరాయి. మేమూ అమ్మాం. మా మామగారు మంచి ధర వచ్చిందని మీసం దువ్వుకున్నారు. మేము ఇంట్లో కొద్దిగా ఉంచుకున్నాం, అందరూ అంతే. ఆ కొద్దిదాంట్లో సగం వేసవి రాకముందే ముక్కిపోయింది.

చెన్నమ్మత్త ఒక్కతే తీయలేదు. మా మామగారు గోడ దగ్గర నిలబడి అడిగారు.

"చెన్నమ్మా, బండ్లు రేపటిదాకానే ఉంటయ్యంట. నీ పాతర తీసేది ఎప్పుడు?"

"నేను తీయనన్నా."

"సర్కారోడొచ్చి పొడిచి తీస్తే ఏం చేస్తావు?"

"తీసుకోనీ."

"మొండిదానివి. రేపు మమ్మల్ని అనుకోబాక."

ఆమె వక్కాకు ఉమ్మి లోపలికి వెళ్ళిపోయింది. అంత ధైర్యం ఆ మనిషికి ఎక్కడిదా అని నాకు ఆశ్చర్యం వేసింది. ఆమె పక్కింట్లో ఉన్నందుకు కాస్త గర్వం కూడా వేసింది.

సర్కారు మనిషి రానే వచ్చాడు. ఒక్కడే. వెంట ఒక బంట్రోతు, చేతిలో గొడుగు. చువ్వలూ లేవు, బేడీలూ లేవు. ఎండకు వాడిపోయి ఉన్నాడు. చెన్నమ్మత్త అరుగు మీద కూలబడి మజ్జిగ అడిగి పుచ్చుకున్నాడు. ఊరి పెద్దలు చేతులు కట్టుకుని నిలబడి, "మా దగ్గర గింజ లేదండయ్యా, చూసుకోండి" అన్నారు. ఆయన వాళ్ళ వంక వింతగా చూశాడు. "మీ ఫిర్కా ఊళ్ళన్నిట్లో పంటే పోయింది గదా, మీకు లెవీ ఎక్కడిది? ఎంత నష్టమొచ్చిందో రాసుకుపోదామని వచ్చాను" అన్నాడు. మా మామగారు తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నారు. అప్పుడు చెన్నమ్మత్త ముందుకొచ్చి, "అయ్యా, నువ్వు కూర్చున్నది నా పాతర పక్కనే. రాసుకుంటావా?" అంది. ఆయన నవ్వి, "దాచుకోమ్మా. ఈ ఏడు నీకే పనికొస్తుంది" అని గొడుగు తీసుకుని పక్క ఊరికి వెళ్ళిపోయాడు.

వేసవి వచ్చేసరికి ఊరి ముఖం మారిపోయింది. పెట్టెలో డబ్బు ఉంది, సంతలో గింజ లేదు. మా జొన్నలు ఏ ఊరి కొట్టులో ఎవరు తింటున్నారో మాకు తెలియదు. గురజాలలో కార్డు మీద ఇస్తున్నారంటే మా ఆయన పొద్దున్నే నడిచి వెళ్ళి, సాయంత్రానికి ఒక చిన్న మూట తెచ్చారు. ఎర్రగా, లావుగా, గీత పడ్డ గింజలు. గోధుమలట. సముద్రం దాటి ఓడలో వచ్చాయట. నేను వాటిని బియ్యంలా కడిగి ఎసట్లో పోశాను. ఎంత ఉడికించినా పళ్ళ కింద జారిపోతున్నాయి. చెన్నమ్మత్త వచ్చి చూసి కడుపు పట్టుకుని నవ్వి, తిరగట్లో విసిరి జొన్నరొట్టెలాగే తట్టబోయింది. పిండి చేతికి అంటుకుపోయి సాగుతోంది. "ఓడెక్కి వచ్చిన దానికి మన చేతివాటం ఏం తెలుసే వరన్నం, కొత్త కోడలు గదా" అంది. ఆ నవ్వులో నేనూ కలిశాను. ఆ వేసవిలో మేం నవ్వింది ఆ ఒక్కసారేననుకుంటాను. ఎందుకంటే ఆ తర్వాత కార్డు తీసుకుని వెళ్ళినప్పుడల్లా కొట్టు మూసే ఉండేది.

అప్పటికి నా పెద్దది చంకలో పిల్ల. నాకు పాలు తగ్గిపోయాయి. అది ఏడ్చి ఏడ్చి గొంతు రాసుకుపోయి, ఏడుపు కూడా మానేసింది. అదే నాకు ఎక్కువ భయం వేసింది. మా ఇంటి ఎదురుగా కాశింబీ కుటుంబం ఉండేది. వాళ్ళకు సెంటు భూమి లేదు. ఆమె పెనిమిటి మస్తాను పిడుగురాళ్ళ బట్టీల్లో సున్నపురాయి కాల్చేవాడు. కూలి డబ్బు చేతికొచ్చినా దాంతో కొనడానికి ఏదీ దొరక్క, చెంచలికూరా గలిజేరూ లాంటి పిచ్చాకులు ఏరి ఉడికించుకుని తింటున్నారు. కొందరు మూటాముల్లే సర్దుకుని కృష్ణ దాటి నైజాం వైపు పోయారు. మిగిలిన వీధంతా చెన్నమ్మత్త గడప వంకే చూస్తోంది. వైశాఖం నుంచీ ఎవరో ఒకరు వెళ్ళి పాతర తీయమని అడగడమే. ఆమె ససేమిరా అంది.

"ఇప్పుడు తీస్తే జ్యేష్ఠానికల్లా మెక్కేస్తారు. ఇంకా తాటిముంజలున్నయ్, సీమచింతకాయలున్నయ్. వాన పడ్డాక ఏం తిని అరక కడతారు? కలుపెవరు తీస్తారు? కొర్రకంకి వంగేదాకా ఏం తింటారు?"

ఆమె లెక్క ఆమెకుంది. నా చంకలో పిల్ల ఉంది. ఒక రోజు నాకు ఒళ్ళు తెలియలేదు. గోడ దగ్గరికి వెళ్ళి నోటికొచ్చినట్టు అరిచాను. "కింద గింజలు పెట్టుకుని పైన ఎలా నిద్రపడుతుందత్తా నీకు? నీకు పిల్లలుంటే తెలిసేది" అన్నాను. మర్నాడు పొద్దున లేచి చూస్తే, ఆమె పాడి మేక మా గుంజకు కట్టేసి ఉంది. గోడ మీద నుంచి తల లేచింది. "నా ఇంట్లో ఉంటే పాలు నేనే తాగేస్తన్నా. నీ కాడే ఉంచు" అంది. ఆ మేకపాలతోనే నా బిడ్డ బతికింది. కానీ పాతర మాత్రం తీయలేదు. ఆమె మీద నా కోపం పోలేదు, ఆ మేక పాలు పిండుతూ కూడా నేను ఆమెను తిట్టుకున్నాను.

ఆషాఢంలో వాన పడింది. మట్టి వాసనకు జనం ఇళ్ళలోంచి బయటికి వచ్చి తడిశారు. ఉన్న ఎడ్లకు అరకలు కట్టి, దాచుకున్న విత్తనాలు వేశారు. విత్తడం అవగానే చెన్నమ్మత్త వీధిలో నిలబడి, "రేపు పొద్దున పాతర తీస్తన్నా. గంపలు తెచ్చుకోండి" అని ఒక్క కేక పెట్టింది.

నేను జీవితంలో అంత జాగ్రత్తగా ఏ పూజా చూడలేదు. పేడమట్టి గీకి, బండ జరిపి, గడ్డి లాగేశారు. లోపలి నుంచి వెచ్చటి ఆవిరి గుప్పున వచ్చింది. అప్పుడే ఎవరూ దిగకూడదు, ఊపిరాడక చచ్చిపోతారు. తాడుకు దీపం కట్టి దించారు. ఆరిపోయింది. ఆగారు. మళ్ళీ దించారు, మళ్ళీ ఆరింది. ఎండ ముదిరేదాకా ఆగి మళ్ళీ దించితే ఈసారి వెలుగు నిలబడింది. మస్తాను నడుముకు తాడు కట్టుకుని దిగాడు. మొదటి గంప పైకి రాగానే జనంలో ఒక కదలిక. తెల్లటి జొన్నలు, కొద్దిగా పసుపు తిరిగి, పొగలు కక్కుతూ. చెన్నమ్మత్త కుంచం పట్టుకుని పీట మీద కూర్చుంది. ఎప్పటి అలవాటు ప్రకారం ఊరి పెద్దలు ముందు నిలబడ్డారు. మా మామగారు అందరికంటే ముందు.

"అన్నా, కాసేపు ఎనక్కి పో. పాతర్లు అమ్ముకున్నోళ్ళందరూ ఎనక వరసలో నిలబడండి. పాతర లేనోళ్ళు ముందుకు రాండి."

మా మామగారికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "ఏందమ్మా నువ్వనేది? భూమి లేనోళ్ళు రేపు నీకు తిరిగేం కొలుస్తారు?" అన్నారు.

"ఏం కొలవరు. వాళ్ళు గింజా అమ్ముకోలా, పుకార్లు నమ్మి గోతులూ తవ్వలా. భయపడి అమ్ముకుంది మనం. పస్తు ముందు వాళ్ళకెందుకు?"

గొడవ మొదలైంది. ఆమె కుంచం బోర్లించి దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. అంతా అరిచి అలిసిపోయేదాకా అలాగే ఉంది. కాశింబీ ముందుకు రావడానికి భయపడి గోడకు అంటుకుని నిలబడితే, "ఏమే, నిన్నే. గంప తే" అని కసిరింది. మా మామగారు పైపంచె దులిపి భుజాన వేసుకుని, "పదమ్మా ఇంటికి. ఈ పరువు తక్కువ తిండి మనకొద్దు" అని నాతో అని, వెళ్ళిపోయారు. మా ఆయన పొలంలో ఉన్నారు. నేను వెళ్ళలేదు. చంకలో పిల్లతో, చేతిలో గంపతో వెనక వరసలో, అందరికంటే చివర నిలబడ్డాను. చిన్న వయసు కోడలిని, ముందుకు రమ్మని ఎవరూ అనలేదు. చెన్నమ్మత్త నన్ను చూసింది. చూసీ చూడనట్టు మళ్ళీ కుంచం ఎత్తుకుంది. నన్ను ఒక్క మాట పిలిస్తే, ఏమే వరన్నం ఇటు రా అంటే ఆమె సొమ్మేం పోయింది అని లోలోపల కుమిలిపోయాను.

ఇంట్లో ఎన్ని నోళ్ళుంటే అంతకు తగ్గట్టు కొలుస్తోంది. వరస తరుగుతోంది. లోపల గంప నేలకు గీసుకుంటున్న చప్పుడు మొదలైంది. "అక్కా, అడుగు కనపడతంది" అని మస్తాను లోపలి నుంచి అరిచాడు. నా ముందు ఇంకా మనుషులున్నారు. వాళ్ళ గంపల్లో పడే ప్రతి కుంచమూ నా పిల్ల నోటి దగ్గరిదే అనిపించింది. నా ముందున్నామె తన వాటా ఎత్తుకుని పోయాక, పైకి వచ్చిన ఆఖరి గంపలో తెల్ల జొన్న లేదు. గోడకూ అడుగుకూ అంటుకున్న గింజలు, నల్లగా గడ్డలు కట్టి, గడ్డితో కలిసిపోయినవి. నాకు ఏడుపు ఆగలేదు. కుంచం దగ్గర చూస్తే చెన్నమ్మత్త లేదు. కాశింబీ కూర్చుని ఉంది. నా వెనక ఎవరో దగ్గారు. తిరిగి చూశాను. చెన్నమ్మత్త ఖాళీ గంప పట్టుకుని నా వెనక నిలబడి ఉంది.

"నువ్వేంటత్తా ఇక్కడ?"

"నా వంతు రావద్దా?"

"నీ పాతర, నీకు వంతేమిటి? నువ్వు అమ్ముకోలేదు గదా, ఇక్కడెందుకు నిలబడ్డావు?"

ఆమె ఇటూ అటూ చూసి, గొంతు తగ్గించకుండానే చెప్పింది. "అమ్మలా. అమ్మబోయా. బేరమైపోయింది. పొద్దున్నే బండి పంపిస్తానన్నాడు బేరగాడు. దాని ఇరుసు దార్లో ఇరిగింది. మర్నాటికి బండొచ్చేలోపల నాకు మనసు మారింది. ఆ పొద్దే వచ్చుంటే నేనూ నీమాదిరే ఎవురో గడప కాడ గంప పట్టుకోని ఉండేదాన్ని."

"మరి అందరూ నిన్ను మొండిదానివని, ధైర్యస్థురాలివని అంటుంటే చెప్పలేదే?"

"ఇప్పుడు నీకు చెప్పా గదా. గంప పట్టు."

ఆ నల్ల గడ్డల్ని చేత్తో చిదిపి రెండుగా పంచింది. పిల్ల ఉంది గదా అని నాకు ఒక గుప్పెడు ఎక్కువ వేయలేదు. మేక నా ఇంట్లోనే ఉంది, ఆ లెక్క అక్కడ తీరిపోయినట్టుంది. ఇద్దరం బావి దగ్గర కూర్చుని, నీళ్ళు తెల్లబడేదాకా ఆ జొన్నలు కడిగి, ఎండబోసి, విసిరాం. ఆ రొట్టె చేదు. నమిలి మింగడానికి నీళ్ళు కావలసి వచ్చేది. సాయంత్రం మా మామగారు కంచం ముందు కూర్చుని ఒక తుంపు నోట్లో పెట్టుకుని, ఆగి, "అడుగు జొన్న ఇచ్చిందా మనకు?" అన్నారు. "ఆమె కంచంలో కూడా ఇదే ఉంది మామయ్యా, నా వెనక నిలబడి తీసుకుంది" అన్నాను. ఆయన రొట్టె మొత్తం తిన్నారు. కొర్ర కోతలయ్యాక మొదటి మూట ఆయనే భుజాన వేసుకుని వెళ్ళి చెన్నమ్మత్త వాకిట్లో దించి వచ్చారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. వీధిలో పాతర్లు మళ్ళీ వరస ప్రకారమే తీయడం మొదలైంది.

తర్వాత చాలా ఏళ్ళు బతికింది చెన్నమ్మత్త. సాగర్ కాలవ వచ్చి పల్నాడు వరి పండించడం చూసింది. పాతర్లు పూడ్చేసి ఇళ్ళు కట్టుకోవడం చూసింది. మా ఇంట్లో తెల్లన్నం కలిపి నోట్లో పెడితే, "ఇదేందే, నమిలేలోపల జారిపోతంది. తిన్నట్టే లేదు" అని విసుక్కునేది. పోయేముందు మంచం మీద ఉండి కూడా జొన్నరొట్టె కావాలంది. తట్టుకొచ్చి, పాలల్లో నానబెట్టి పెట్టాను. అంచులు పగలలేదు సుమా అని నాకు ఆ దుఃఖంలో కూడా అనిపించింది. ఆమె లేని పిట్టగోడ వంక చూడలేక కొన్నాళ్ళు పెరట్లోకే వెళ్ళలేదు. ఆమె అంటే నాకు ఎంత ఇష్టమో ఆమెకు ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆమెతో అలాంటి మాటలు మాట్లాడటం ఎవరికీ చేతనయ్యేది కాదు.

ఇప్పుడు టీవీలో మళ్ళీ అవే మాటలు. ఎక్కడో పంటలు పోయాయట, ఎవరో గింజలు బయటికి పంపడం ఆపేశారట. మా మనవడు బస్తాల మీద బస్తాలు బియ్యం తెచ్చి గదిలో వేయించాడు, అందరూ కొంటున్నారు నానమ్మా అన్నాడు. వాణ్ణి నేను తిట్టలేదు. ఆ భయం నేను ఎరుగుదును, అది మా ఇంట్లో మీసం దువ్వుకుని తిరిగింది. ఎదురింటి అద్దెవాళ్ళకు బియ్యం ఉన్నాయో లేవో కనుక్కుని రమ్మని మాత్రం పంపాను. వాడు గొణుక్కుంటూనే వెళ్ళాడు. మా వాళ్ళలో కొందరు పొలాలు రాళ్ళ క్వారీలకు అమ్ముకుని తర్వాత బాధపడితే, మేం అమ్మనందుకు నన్ను అందరూ ముందుచూపు గల మనిషినని మెచ్చుకుంటారు. మేమూ అమ్మబోయాం, కొనేవాడు ధర దగ్గర వెనక్కి తగ్గాడు అని ఉన్నమాట చెప్పేస్తాను. నా కోడళ్ళకు అది చిన్నతనంగా ఉంటుంది.

పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో పెద్దదాన్నని నన్ను మొదటి పంక్తిలో కూర్చోమంటారు. నేను చివరి పంక్తికి పోయి చివర కూర్చుంటాను. ముసలిదాని చాదస్తం అని వదిలేశారు. వడ్డన నా దాకా వస్తుంది, విస్తట్లో అన్నం పడుతుంది. కలుపుకోబోయేముందు ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తాను, నా వెనక ఇంకెవరైనా నిలబడి ఉన్నారేమోనని.